ఏమో అన్నవాళ్ల పాట

నవ్వుతూ వచ్చిన పాటా, నీకు నమస్కారం.

ముందుగా కబురు పెట్టి రాలేదు నువ్వు. మేళతాళాలతో రాలేదు. డిసెంబరు చలిలో, న్యూజెర్సీలో ఎడిసన్ అనే ఊళ్లో, మా అమ్మాయి కారు వెనక సీట్లోంచి, ఆరేళ్ల మనవరాలి బూట్ల మీదెక్కి వచ్చావు. బెల్టు బిగించి కూర్చోబెట్టిన పిల్లకి ఒళ్లు కదలదు గానీ కాళ్లు కదులుతాయి కదా. ఆ రెండు బూట్లూ ముందు సీటు వీపు మీద దరువు వేస్తున్నాయి. ఆ సీట్లో ఉన్నది నేను. నా చెవికంటే ముందు నా వెన్నుకి తెలిశావు నువ్వు.

సూర్యుడి మీద పాట అది. ఎంత వేడి, ఎంత దూరం, లోపల హైడ్రోజన్ ఎలా హీలియంగా మారుతోంది, అన్నీ ఉన్నాయి అందులో. పాఠ్యపుస్తకంలోంచి ఒక పేజీ లేచి గంతులేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. తెనాలి పక్కన జిల్లా పరిషత్తు హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని నేను. ఆ అంకెలను నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో, ఎన్నిసార్లు చెరిపానో. భూమికీ సూర్యుడికీ మధ్య 15 కోట్ల కిలోమీటర్లు. అక్కడ బయల్దేరిన వెలుగు ఇక్కడికి రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు. ఆ అంకెలకి కాళ్లుంటాయనీ, ఆ కాళ్లకి బూట్లుంటాయనీ ఆ పొద్దున్నే చూశాను.

బడి దగ్గరే. పాట అయ్యేసరికి కారు ఆగింది. పిల్ల దిగుతూ వెనక్కి తిరిగి, "అమ్మమ్మా, రేపు కూడా ఇదే" అంది. రేపూ అదే. ఎల్లుండీ అదే.

"ఇది పిల్లల బ్యాండా?" అని అమ్మాయిని అడిగాను.

"కాదమ్మా, రాక్ బ్యాండు. పిల్లల పాటలు తర్వాత మొదలుపెట్టారు. అసలు పాటలు ఇంకా బోలెడున్నాయి. వింటానంటే ఫోన్లో పెట్టిస్తా."

ఇంకా బోలెడున్నాయి! ఎంత చల్లని మాట. విస్తరి ముందు కూర్చున్నవాడికి వడ్డన ఇంకా ఉందని తెలిసినట్టు. నచ్చిన పాట ఒకటి దొరకడం అదృష్టమే. ఆ పాట వెనక ఇంకో పాట, దాని వెనక ఇంకోటి, వరస కట్టి మనకోసం నిలబడి ఉన్నాయని తెలియడం అంతకు మించిన అదృష్టం. అరవై దాటాక అలాంటి మాట వినబడటం మరీ అదృష్టం.

బ్యాండు పేరు దే మైట్ బి జెయంట్స్. 'వాళ్లు మహాకాయులు కావచ్చు' అని అర్థం. 1971లో వచ్చిన ఒక సినిమా పేరది. ఆ సినిమాకి మూలం జేమ్స్ గోల్డ్‌మన్ రాసిన నాటకం. వీటన్నిటికీ వెనక, నాలుగు వందల ఏళ్ల దూరాన, స్పెయిన్ ముసలి వీరుడు డాన్ కిహోటే నిలబడి ఉన్నాడు. గాలిమరలను చూసి రాక్షసులనుకుని, బక్క గుర్రమెక్కి, ఈటె పట్టుకుని వాటి మీదికి ఉరికినవాడు. లోకం పగలబడి నవ్వింది. కానీ "ఏమో, రాక్షసులే కావచ్చు" అని ఒక్కసారి అనుకుని చూడండి. ఆ గాలిమర ఇక మళ్లీ మామూలు గాలిమర కాదు.

ఆ మాట మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఉరిశిక్ష పడ్డవాడు రాజుగారిని ఏడాది గడువు అడుగుతాడు, గుర్రానికి ఎగరడం నేర్పుతానని. ఇదేం పిచ్చిరా అని పక్కవాడు అంటే, ఏడాదిలో రాజు పోవచ్చు, నేను పోవచ్చు, ఏమో, గుర్రం ఎగరావచ్చు అంటాడు. మెడకి తాడు బిగుసుకుంటుండగా పుట్టిన నవ్వు అది. మనం రోజూ తేలిగ్గా అనేస్తాం గానీ ఆ సామెత అడుగున చావు కూర్చుని ఉంది. చావు నెత్తిన కాలు పెట్టి మనిషి అన్న 'ఏమో' ఉంది. ఆ పేరు వినగానే నాకు తెలిసిపోయింది. ఈ పాటలవాళ్లది గుర్రం ఎగరావచ్చు అన్నవాడి వంశమే.

ఇద్దరి పేరూ జానే. జాన్ ఫ్లాన్స్‌బర్గ్, జాన్ లిన్నెల్. మసాచుసెట్స్ రాష్ట్రంలో లింకన్ అనే చిన్న ఊరి పిల్లలు, చిన్నప్పటి స్నేహితులు. 1981లో న్యూయార్కు వచ్చి, బ్రూక్లిన్‌లో ఒకే బిల్డింగులో, ఒకే రోజున చేరారు. ఒకరి చేతిలో గిటారు, ఒకరి భుజాన అకార్డియన్. డ్రమ్ములు వాయించే మనిషి లేడు. టేపు రికార్డరే వాళ్ల డ్రమ్మరు. ఇద్దరిదీ నా ఈడు. నేను తెనాలిలో బీయస్సీ రికార్డు పుస్తకాల్లో కటకాల బొమ్మలు గీస్తున్న రోజుల్లో వాళ్లు అక్కడ పాటలు కట్టడం మొదలుపెట్టారన్నమాట. సముద్రాలవతల నా ఈడువాళ్లు నాకోసం ఇన్నేళ్లుగా వండి పెట్టిన వంట ఇప్పటికి నా దగ్గరికి వచ్చింది.

అకార్డియన్ మన హార్మోనియం పెట్టెకి చుట్టమే. తిత్తిలోంచి వచ్చే గాలి లోహపు రీడును కదిలిస్తే అది పాడుతుంది. రెండింటి ప్రాణం అక్కడే. మా ఊళ్లో పద్యనాటకం తెల్లవార్లూ ఆడేది. తెర పక్కన హార్మోనియం మేష్టారు కాలితో తిత్తి తొక్కుతూ కూర్చునేవాడు. రాణికి ఏడుపొస్తే ఏడుపు, విదూషకుడికి నవ్వొస్తే నవ్వు, రెండూ ఆ ఒక్క పెట్టెలోంచే తీసేవాడు. ఏడుపుకి ఒక పెట్టె, నవ్వుకి ఒక పెట్టె ఉండేవి కావు. జాన్ లిన్నెల్ అకార్డియన్ తెరిచినప్పుడల్లా నాకు ఆ మేష్టారి మోకాలు కనబడుతుంది. అది లేచినప్పుడు ఒక గాలి, దిగినప్పుడు ఇంకో గాలి. నవ్వించే పాటలని వీటిని లోకం పిలుస్తుంది. నిజమే, నవ్విస్తాయి. కానీ వాటి పెట్టె ఒక్కటే.

టెలిఫోనులో పాడిన గొంతులారా, మీకు నమస్కారం.

1980లలో, బ్యాండు ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో, లిన్నెల్ సైకిలు మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఫ్లాన్స్‌బర్గ్ ఇంట్లో దొంగలు పడ్డారు. కచేరీలు ఆగిపోయాయి. మనిషన్నవాడు అక్కడ తల పట్టుకుని కూర్చుంటాడు. వీళ్లు ఆన్సరింగ్ మెషీనులో తమ పాట రికార్డు చేసి పెట్టారు. ఆ ఫోన్ నంబరును విలేజ్ వాయిస్ అనే పత్రికలో ప్రకటనగా వేయించారు. దానికి డయల్ ఎ సాంగ్ అని పేరు పెట్టారు. ఎవరైనా ఆ నంబరు తిప్పితే మెషీను అందుకుని పాట వినిపించేది. కొన్నాళ్లకి పాట మారేది. మళ్లీ చేస్తే ఇంకో పాట.

ఒక్క లైను, ఒక్క మెషీను. ఒకసారికి వినేది ఒక్కరే. వేలమంది ఎదుట పాడటం ఒక గొప్ప అయితే ఒక్క చెవికి పాడటం ఇంకో గొప్ప. అర్ధరాత్రి నిద్రపట్టని ఎవరో, ఆఫీసులో విసుగెత్తిన ఎవరో, రిసీవరు చెవికి ఆనించుకుని ఉంటారు. ఆ నిమిషంన్నర సేపు ప్రపంచంలో ఆ పాట వాళ్లొక్కరిదే. పాటను అంత దగ్గరగా, రహస్యం చెప్పినట్టు చెవిలో పెట్టిన మర్యాద ఇది. విరిగిన మణికట్టులోంచి, దొంగలు దోచిన గదిలోంచి పుట్టిన మర్యాద. ఆ డయల్ ఎ సాంగ్ ఏళ్ల తరబడి నడిచి, ఆగి, 2015లో మళ్లీ మొదలైంది. మొదటి ఆల్బం 1986లో వచ్చింది. దానికి ముందే ఆ పాటలు ఎన్ని ఒంటరి చెవుల్లో కాపురం చేసి వచ్చాయో.

అమెరికా వెళ్లిన కొత్తల్లో రాత్రీ పగలూ తారుమారవుతాయి కదా. అందరూ పడుకున్నాక నేను మెలకువగా ఉండేదాన్ని. అమ్మాయి ఫోన్లో పెట్టిచ్చిన పాటలు, రాత్రికి ఒకటి చొప్పున వినేదాన్ని. ఒక్కటే. పిల్లలు చాక్లెట్టు కాగితం విప్పినంత నెమ్మదిగా. ఇంగ్లీషు మాటలు మొదటిసారికి అన్నీ అందేవి కావు. బాణీ మాత్రం మొదటిసారికే వచ్చి కూర్చునేది. మర్నాడు గిన్నెలు తోముతుంటే నా నోట్లోంచి నాకు తెలియకుండా అదే వచ్చేది. అల్లుడుగారు కాఫీ కలుపుకుంటూ ఆగి, "అత్తయ్యగారూ, ఇవాళ ఏది?" అని అడిగేవారు.

నీలం దీపపు పాటా, నీకు నమస్కారం.

1990 నాటి ఫ్లడ్ అనే ఆల్బంలోది. పేరు బర్డ్‌హౌస్ ఇన్ యువర్ సోల్. ఇంగ్లండులో ఆరో స్థానం దాకా ఎక్కిందట. నాకు ఆ లెక్కలు తర్వాత తెలిశాయి. ముందు తెలిసింది ఆ పాట పాడుతున్నదెవరో. మనిషి పాడటం లేదు. గదిలో గోడ దగ్గర రాత్రంతా వెలుగుతూ ఉండే చిన్న దీపం పాడుతోంది. నీలం రంగు పిట్ట ఆకారంలో ఉన్న దీపం. ఎదుటి గోడ మీద తన పూర్వీకుడి బొమ్మ ఉంది దానికి. ఆ పూర్వీకుడెవరు? ఓడలకి దారి చూపించిన లైట్‌హౌసు! అంతటి వంశంలో పుట్టి ఇంత చిన్న గదిలో ఒక్క మనిషి నిద్రకి కాపలా కాస్తున్నానని ఆ దీపం సిగ్గుపడదు. నీ లోపల నాకొక పిట్టగూడు కట్టిపెట్టు అని అడుగుతుంది, అంతే.

నవ్వాను. తర్వాత నవ్వు ఆగి, మా తెనాలి ఇంట్లో జీరో బల్బు గుర్తొచ్చింది. అదీ నీలందే. పేరుకి జీరో. సైన్సు టీచరుగా ఏటా పిల్లలకి చెప్పేదాన్ని, సున్నా వాట్లతో ఏదీ వెలగదురా, దానికీ పది పదిహేను వాట్లు కావాలి అని. ఆ నీలం వెలుగులో ఎన్ని రాత్రులు లేచానో. ఈ అమ్మాయికే జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ మార్చింది ఆ వెలుగులోనే. మావారి ఆఖరి రోజుల్లో మందు సీసా మీద అక్షరాలు కూడబలుక్కున్నదీ ఆ వెలుగులోనే. పొద్దున లేవగానే ముందు దాన్ని ఆర్పేవాళ్లం. ఒక్కనాడైనా దాన్ని తలెత్తి చూశామా? దానికొక గొంతు ఉంటుందని, అది మన నిద్రను చూస్తూ ఏదో అనుకుంటూ ఉంటుందని ఎవరైనా అనుకున్నారా? ఈ ఇద్దరు జాన్‌లు అనుకున్నారు. ఏమో, దీపం పాడుతుందేమో అన్నారు.

భూగోళం అవతల ఉన్న ప్రేమా, నీకు నమస్కారం.

1988లో వచ్చిన లింకన్ ఆల్బంలో మొదటి పాట, ఆనా ఎంగ్. న్యూయార్కు టెలిఫోను డైరెక్టరీలో పేజీలకు పేజీలు ఆ ఒక్క ఇంటిపేరే కనబడి లిన్నెల్‌కి ఆ పేరు పట్టుకుంది. గిటారు కత్తిరించినట్టు ముక్కముక్కలుగా కొట్టుకుంటుంది ఆ పాటలో. కథేమిటంటే, ఒకడు తానెన్నడూ చూడని స్త్రీని ప్రేమిస్తున్నాడు. ఆమె భూమికి సరిగ్గా అవతలి వైపున ఉంటుంది. బల్ల మీది గ్లోబులో తన ఊరు దగ్గర గురిపెట్టి రంధ్రం చేస్తే అవతల ఎక్కడ తేలుతుందో అక్కడ.

మర్నాడు మనవరాలి గ్లోబు తీసుకుని కూర్చున్నాం ఇద్దరం. రంధ్రం చెయ్యలేదు, పాపం, దాని గ్లోబు. వేళ్లతో పట్టుకున్నాం. ఎడిసన్ మీద దాని వేలు, సరిగ్గా వెనక నా వేలు. నా వేలు హిందూ మహాసముద్రంలో పడింది, ఆస్ట్రేలియాకి పడమరగా, చుట్టూ నేల లేని చోట. "ఇప్పుడు మీ ఊరు, అమ్మమ్మా" అంది. తెనాలి మీద నా వేలు. దాని చిన్న వేలు వెళ్లి పసిఫిక్‌లో పడింది, దక్షిణ అమెరికాకి చాలా ఇవతల. అక్కడా నీళ్లే.

"అక్కడ ఎవరూ లేరు" అంది పిల్ల, దిగులుగా.

నేను ఆ దిగులును అలాగే ఉండనిచ్చాను. అరవై ఏళ్ల వయసులో, మొగుడు పోయి, కూతురు సముద్రాలవతల ఉన్న ఆడదానికి ఆ పాట తమాషా పాట ఎలా అవుతుంది? అవుతుంది. నవ్విస్తూనే అవుతుంది. గిటారు ఆ ముక్కల్ని తెంచి పారేస్తున్నప్పుడు ఒళ్లు ఊగిపోతుంది. ఊగిపోతూనే తెలుస్తుంది, మనకి కావలసినవాళ్లు ఎప్పుడూ భూమికి అవతలే ఉంటారని. ఏడుస్తూ చెబితే తలుపు వేసుకునేదాన్నేమో. నవ్వుతూ వచ్చింది కాబట్టి లోపలికి రానిచ్చాను. వచ్చాక అది తన మూట విప్పింది.

ఇలా ఒకటి తర్వాత ఒకటి. ఇస్తాంబుల్ పేరు మారిందని గంతులేసే పాట వీళ్లది కాదు, 1953 నాటిది. వీళ్లు దాని వేగం పెంచి ఊరేగించారు. బెజవాడ విజయవాడ అయిందని మనమూ ఒక పాట కట్టుకోలేదేమని అనిపించింది. కణం మనిషి, త్రిభుజం మనిషి, విశ్వం మనిషి వచ్చే పార్టికల్ మ్యాన్ ఉంది. అందులో విశ్వం మనిషి గడియారానికి నిమిషాల ముల్లుతోపాటు వెయ్యేళ్ల ముల్లూ ఉంటుంది. కాలం గురించి నేను చెప్పిన ఏ పాఠంలోనూ అంత మంచి బొమ్మ లేదు. 1992 నాటి అపోలో 18 ఆల్బంలో ఫింగర్‌టిప్స్ అని 21 చిట్టి ముక్కలున్నాయి. కొన్ని పట్టుమని పది సెకన్లుండవు. షఫుల్ నొక్కితే పెద్ద పాటల మధ్య ఎక్కడెక్కడో ఇవి మొలవాలని అలా చేశారు. పెళ్లి భోజనాల మధ్య ఎవరో లేచి చాటువు చదివి కూర్చున్నట్టు.

చచ్చిపోయి కిరాణా సరుకుల సంచీగా తిరిగి పుట్టినవాడి పాట ఒకటి ఉంది. పేరు కూడా డెడ్ అనే. పునర్జన్మలు మనకి కొత్తా? ఈగై, దోమై, కుక్కై పుడతారని మా నాయనమ్మ రోజూ చెప్పేది. సరుకుల సంచీ అని మాత్రం చెప్పలేదు. చెయ్యవలసినవి చెయ్యకుండానే పోతానేమో అన్న భయం ఆ పాట లోపల ఉంది. పైన మాత్రం ఆ సంచీ. వయసు మీద ఉన్న పాట ఓల్డర్. ఇందాకటికంటే ఇప్పుడు నీ వయసు పెరిగింది, ఇప్పుడు ఇంకాస్త పెరిగింది, అదే ఆ పాట మొత్తం. నడుస్తూ నడుస్తూ మధ్యలో అది ఆగిపోతుంది. నిజంగా ఆగిపోతుంది. ఫోను చెడిపోయిందేమో అని చేతిలోకి తీసుకుంటాం. ఆ నిశ్శబ్దంలో గోడ గడియారం వినబడుతుంది. మన ఊపిరి వినబడుతుంది. అప్పుడు మళ్లీ అందుకుంటుంది. ఆ ఆగిన క్షణాల్లో మన వయసు పెరిగింది! నవ్వకుండా ఉండలేం. ఇంతకంటే సూటిగా కాలాన్ని చెవికి చూపించిన వాళ్లెవరున్నారు?

కరెంటు లేకుండా పలికిన గొంతులారా, మీకు నమస్కారం.

మా అమ్మాయి ఉండే ఊరికి ఎడిసన్ అని పేరు రావడానికి కారణం థామస్ ఎడిసనే. ఆ ఊళ్లోని మెన్లో పార్కులోనే 1877లో ఫోనోగ్రాఫు పుట్టింది. ఆయన దాని ముందు మొదట పలికింది ఒక పిల్లల పాట, మేరీ గొర్రెపిల్ల పాట. మనిషి గొంతును పట్టి దాచి తిరిగి వినిపించిన చరిత్ర మొత్తం ఒక పిల్లల పాటతో మొదలైంది. ఆ చోట ఇప్పుడొక స్తంభం ఉంది, శిఖరాన పెద్ద గాజు బల్బుతో. ఓక్ ట్రీ రోడ్డులో కరివేపాకు, దోసకాయలు కొనుక్కుని సంచీతో ఇంటికి పోయే మనవాళ్లలో ఎందరు దాని దాకా వెళ్లి చూశారో.

అక్కణ్ణుంచి కారులో వెళితే వెస్ట్ ఆరెంజ్ వస్తుంది. ఎడిసన్ తర్వాత కట్టుకున్న పెద్ద ప్రయోగశాల అక్కడుంది. అల్లుడుగారు ఒక ఆదివారం తీసుకెళ్లారు. 1996లో ఈ బ్యాండు అక్కడికెళ్లి ఒక పాటను మైనపు సిలిండరు మీద రికార్డు చేసింది. మైకు లేదు, కరెంటు లేదు. ఎదురుగా పెద్ద గొట్టం. అందులోకి గొంతెత్తి పాడితే, ఆ గాలి అదురుకి సూది అదిరి, తిరుగుతున్న మైనం మీద గీత గీస్తుంది. అంతే విద్య. ఆ పాట పేరు ఐ కెన్ హియర్ యు. దూరం నుంచి, గరగరమనే తీగల్లోంచి, సరిగా వినబడని యంత్రాల్లోంచి మనుషులు ఒకరినొకరు పలకరించుకునే పాట. వందేళ్ల నాటి యంత్రంలోంచి వస్తుంటే ఆ గొంతులు నూతిలోంచి పలికినట్టుంటాయి. ఆ ప్రయోగశాలలో గాజు అద్దాల అవతల వరసగా పెట్టిన గొట్టాలను చూస్తూ నిలబడ్డాను. మావారి గొంతు నా దగ్గర ఏ మైనం మీదా లేదు. ట్రంకాల్ రోజుల్లో ఆయన గుంటూరు నుంచి అరిచిన అరుపు మాత్రం నా చెవిలో గీత పడి ఉంది. వినబడుతోందా, వినబడుతోందా అని. వినబడుతోందండీ.

ఇక ఆ మంచు రోజు.

జనవరిలో ఒకనాడు రాత్రంతా మంచు పడి బడికి సెలవిచ్చారు. మనవరాలు హాల్లో ఆ సైన్సు పాటల ఆల్బం మొత్తం పెట్టింది. హియర్ కమ్స్ సైన్స్, 2009లో వచ్చినది. మా సూర్యుడి పాట వచ్చింది, పిల్ల సోఫా మీద గంతులేసింది, పాట అయిపోయింది. రోజూ అక్కడే కారు ఆగేది. ఆ రోజు ఆపేవాళ్లు లేరు. తర్వాతి పాట మొదలైంది. అదీ సూర్యుడి మీదే. పేరు, వై డజ్ ద సన్ రియల్లీ షైన్? సూర్యుడు నిజంగా ఎందుకు వెలుగుతాడు?

మొదటి పాట నిజానికి వీళ్లు కట్టింది కాదు. 1959లో హై జారెట్, లూ సింగర్ అనేవాళ్లు పిల్లల కోసం కట్టిన సైన్సు పాటల్లో ఒకటి. వీళ్లు 1993లో దాన్ని తమదిగా చేసుకుని రికార్డు చేశారు, తర్వాత కచేరీల్లో పాడి పాడి ఊరూరా తిప్పారు. అందులో సూర్యుణ్ణి మండే వాయువుల ముద్ద అన్నారు. 1959 పిల్లలకి అది చాలు. కానీ సూర్యుడు వాయువు కాదు. అంత వేడిలో పరమాణువులు తమ ఎలక్ట్రాన్లను పట్టి ఉంచలేవు. విడిపోయిన కేంద్రకాలు, విడిపోయిన ఎలక్ట్రాన్లు కలగలిసి పారే ఆ స్థితి వేరు. ఘనం, ద్రవం, వాయువు తర్వాత నాలుగోది, ప్లాస్మా. ఈ ఇద్దరూ ఏం చేశారో చూడండి. తాము పదహారేళ్లు పాడిన పాట పక్కనే, అదే ఆల్బంలో, ఆ పాట తప్పిందనీ దాన్ని మరిచిపొమ్మనీ ఇంకో పాట కట్టి పెట్టారు. పాతదాన్ని దాచెయ్యలేదు. కొత్తది మొహం ముడుచుకుని చెప్పలేదు. పాతదెంత గంతులేసిందో కొత్తదీ అంత గంతులేసింది.

నేను సోఫా అంచున కూర్చుండిపోయాను. ముప్ఫై ఏళ్లు నల్లబల్ల మీద రాసిన వాక్యం కళ్ల ముందు నిలబడింది. 'సూర్యుడు మండుతున్న వాయుగోళం.' నా చేతి రాత, గుండ్రటి అక్షరాలు. ఎన్ని తరగతులు, ఎన్ని వందల నోటుపుస్తకాలు. కొత్త సంగతి నాకు తర్వాత తెలియకపోలేదు. కానీ తెలిసినప్పుడు పాత పిల్లలను పిలిచి చెప్పే దారేది? పాఠం ఒకసారి చెప్పాక అది పిల్లలతో వెళ్లిపోతుంది. దాని వెనక ఇంకో పాఠాన్ని పరిగెత్తించడం టీచరు చేతిలో లేదు. పాట చేతిలో ఉంది. పాట పాట వెంట పరిగెత్తగలదు. అది ఎక్కడికి వెళ్లిందో అక్కడికి వెళ్లి, అదే పిల్ల చెవిలో, అదే దరువుతో, అమ్మలూ, ఇందాక చెప్పింది సరిగా లేదు, ఇదిగో ఇది సరైంది అని చెప్పగలదు.

సైన్సుకి ఇంతకంటే మంచి స్తోత్రం నేను వినలేదు. 'ఏమో' అనడం ఆరంభమే. గుర్రం ఎగరావచ్చు అన్నవాడు ఏడాది తిరిగాక గుర్రం దగ్గరికెళ్లి చూడాలి కూడా. ఎగరకపోతే ఎగరలేదని చెప్పాలి. చెప్పి, మళ్లీ ఏమో అనాలి. నవ్వేవాడు మాత్రమే అది చెయ్యగలడు. తప్పు ఒప్పుకోవడానికి పళ్లు బిగించుకునేవాడికి అది శిక్షలా ఉంటుంది. నవ్వేవాడికి అదింకో పాట.

"అమ్మమ్మా, రెండోది బావుందా, మొదటిదా?" అంది పిల్ల, ఊపిరి ఎగపోస్తూ.

"రెండూ పక్కపక్కన ఉండటం బావుంది తల్లీ" అన్నాను.

స్తోత్రం చివర ఫలశ్రుతి చెప్పడం మన సంప్రదాయం. చదివినవాళ్లకీ విన్నవాళ్లకీ ఏం కలుగుతుందో చెప్పాలి. చెబుతాను.

ఈ పాటలు విన్నవాళ్లకి గదిలో దీపం కనబడుతుంది. సరుకుల సంచీ తెచ్చేటప్పుడు నవ్వొస్తుంది, నవ్వు తర్వాత చెయ్యవలసిన పని ఒకటి గుర్తొస్తుంది. గ్లోబు చూస్తే అవతలివైపు ఎవరున్నారా అనిపిస్తుంది. గడియారం చప్పుడు వినబడినా భయం వెయ్యదు. తప్పు దిద్దుకోవడం పండగవుతుంది. నవ్వించే పాటను తక్కువ చేసి చూసే కన్ను మూసుకుంటుంది. విన్న పాట అయిపోయిందన్న బెంగ ఉండదు, ఇంకా బోలెడున్నాయి కాబట్టి. ఈ ఇద్దరూ నలభై ఏళ్లు దాటినా పాటలు కడుతూనే ఉన్నారు కాబట్టి.

ఆరు నెలలు నిండకముందే తెనాలి వచ్చేశాను. సాయంత్రం ఏడింటికి దేవుడి దగ్గర దీపం పెట్టి, పడగ్గదిలో నీలం జీరో బల్బు వేస్తాను. ఇప్పుడు వేసేటప్పుడు తలెత్తి చూస్తాను. చలికాలంలో సరిగ్గా అదే వేళకి అక్కడ పొద్దున ఎనిమిదిన్నర. మా ఊరి మీంచి అస్తమించిన సూర్యుడే వాళ్ల కారు అద్దం మీద పడుతుంటాడు.

మొన్న ఆ వేళకే ఫోను మోగింది.

"అమ్మమ్మా, ఇంకోటి దొరికింది! నువ్వు వినలేదిది. ఉండు, పెడుతున్నా."

రిసీవరు చెవికి ఆనించుకున్నట్టు ఫోను దగ్గరగా పెట్టుకున్నాను. ఒక్క లైను, ఒక్క చెవి. రోడ్డు హోరు, హీటరు హోరు, దాని వెనకెక్కడో అకార్డియన్. పాట మాటలు ఒక్కటీ తెలియలేదు. బూట్ల దరువు మాత్రం బాగా వినబడింది.